శాంపిలమ్మకు వీక్లీ ఆఫ్

పెళ్లయి ఏడేళ్లయినా మా అమ్మ మా ఇంట్లో పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. అలిగి కాదు, ప్రేమ లేకా కాదు. ప్రతి రెండో శనివారం సంగారెడ్డిలో బస్సెక్కి, ఇస్నాపూర్ చౌరస్తాలో దిగి, షేర్ ఆటోలో చిట్కుల్‌లోని మా కిరాయి ఇంటికి వచ్చేది. ఒక చేతిలో మనవరాలికి జామకాయలు, ఇంకో చేతి సంచిలో తన టిఫిన్ బాక్సు, తన నీళ్ల సీసా, తన స్టీలు గ్లాసు. మధ్యాహ్నం ముందు గదిలో దివాన్ మీద కూర్చుని, కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుని, తన బాక్సు తెరుచుకుని తినేది. మా అత్తమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూసేది. ఆ కాసేపూ నాకు అన్నం సయించేది కాదు.

గొడవంతా నైవేద్యం దగ్గర. అత్తమ్మది కొండాపూర్ మండలంలో ఒక ఊరు. మామయ్య పోయాక మా బిడ్డను చూసుకోవడానికి మా దగ్గరికి వచ్చేసింది. పొయ్యి మీద నుంచి ఏది దిగినా మొదటి ముద్ద గూట్లో దేవుళ్ల ముందు పెట్టి, చుట్టూ నీళ్లు తిప్పి, ఆ ముద్దను మళ్లీ గిన్నెలో కలిపేస్తుంది. అప్పుడే అది అన్నం. అంతవరకూ వట్టి ఉడికిన బియ్యం.

మా అమ్మ బడిలో పాఠాలు చెప్పి రిటైరైన టీచరమ్మ. చర్చిలో ఆడవాళ్ల కూటం నడిపేది కూడా ఆమే. విగ్రహాలకు పెట్టింది తినదు. తెలియక తింటే తప్పు లేదు, తెలిసి తింటే తప్పు అనేది ఆమె లెక్క. ఆ లెక్కలో కాస్త సందు ఉంది కదా అనుకుంటారు. లేదు. ఎందుకంటే మా అత్తమ్మ గిన్నె దించగానే ఎదురింటికి కూడా వినపడేలా "దేవునికి పెట్టిన, ఇగ తినుండ్రి" అని చాటింపు వేస్తుంది.

"ఆ ఒక్క మాట అనకుంటే ఏమైతది అత్తమ్మా?" అని ఒకసారి బతిమాలాను.

"అంటే మీ అమ్మకు దొంగతనంగ పెట్టాల్నా? నా చేతి కూడు గంత గతిలేనిదా?" అంది.

మా ఆయన ఇంకో ఉపాయం చెప్పాడు. మా అమ్మ వచ్చిన రోజు పక్కన చిన్న పొయ్యి పెట్టి వేరుగా వండుదామన్నాడు. అత్తమ్మ గుండెలు బాదుకుంది. వాళ్ల ఊళ్లో ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు వెలిగాయంటే అన్నదమ్ములు వేరు పడ్డట్టు. "నేను బతికుండంగనే ఇల్లు రెండు ముక్కలాయె" అని రెండు రోజులు మాట్లాడలేదు.

ఒకసారి అందరం కలిసి హైవే మీద ధాబాకు వెళ్లాం. అమ్మ అక్కడ నిక్షేపంగా రెండు రొట్టెలు, పప్పు తిని, పెరుగు కూడా అడిగింది. గల్లాపెట్టె వెనక నిలువెత్తు దేవుడి పటం, దానికి పూలదండ, రంగు బల్బులు. "నువ్వు చూడలేదా అమ్మా?" అంటే, "నేను ఫ్యాన్ దిక్కు చూసిన" అంది. ఇంటికి వచ్చాక అత్తమ్మ నన్ను వంటింట్లోకి లాగి, "ఎవడో ముక్కు మొఖం తెల్వనోడు వండితె తింటది, నేను వండితె తినది. నేనేం పాపం జేసిన బిడ్డా?" అని కళ్లు తుడుచుకుంది. ఇద్దరి మీదా కోపం వచ్చింది, ఇద్దరి మీదా జాలి వేసింది. కోపమే కాస్త ఎక్కువ. అది నా స్వభావం.

స్వభావం అంటే గుర్తొచ్చింది, నా ఉద్యోగం కూడా అలాంటిదే. బొల్లారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో క్వాలిటీ కంట్రోల్ ల్యాబులో పనిచేస్తాను. తయారైన ప్రతి బ్యాచ్ నుంచి కాస్త శాంపిల్ తీసి పరీక్ష చేస్తాం. బాగుంటే డ్రమ్ములకు పచ్చ చీటీ, బాగోకపోతే ఎర్ర చీటీ, పరీక్ష తేలేదాకా పసుపు చీటీ. మా ఆయన అక్కడే మందు ఉడికించే రియాక్టర్ దగ్గర షిఫ్టుల్లో చేస్తాడు. అంటే ఆయన వండినదానికి నేను వంక పెడతాను. ఫ్యాక్టరీలో దీనికి జీతం ఇస్తారు, ఇంట్లో ఉచితంగా చేస్తాను.

ఇక మా బిడ్డ సంగతి. అది పుట్టినప్పుడు ఏ దేవుడి దగ్గర పేరు పెట్టాలన్న పంచాయితీ చాలా రోజులు నడిచింది. చివరికి మా ఆయనే తీర్పు చెప్పాడు. పిల్ల పదో తరగతి పాసయ్యేదాకా ఇంట్లో ఎవరూ దానికి దేవుళ్ల కథలు చెప్పకూడదు, తర్వాత దాని ఇష్టం. వియ్యపురాళ్లిద్దరూ వెంటనే ఒప్పుకున్నారు. తాము చెప్పలేకపోయినా సరే, అవతలావిడ చెప్పకపోతే అంతే చాలనుకున్నారు.

ఆరేళ్లు బాగానే గడిచాయి. ఒక రెండో శనివారం వాన కురిసి వెలిసింది. అమ్మ దివాన్ మీద, అత్తమ్మ గుమ్మంలో, మా ఆయన నైట్ షిఫ్టు చేసొచ్చి మొహం మీద తువ్వాలు కప్పుకుని చాప మీద. నేను బట్టలు మడతపెడుతున్నాను. పిల్ల కిటికీ ఊచలు పట్టుకుని బయటికి చూస్తూ, "అమ్మా, ఆకాశం ఎవలు చేసిండ్రు?" అంది.

వియ్యపురాళ్లిద్దరి నోళ్లూ ఒకేసారి తెరుచుకున్నాయి. తువ్వాలు కింద నుంచి దగ్గు వినిపించింది. రెండు నోళ్లూ మూతపడ్డాయి. ముగ్గురూ నా వైపు చూశారు. ఏదో ఒకటి చెప్పకపోతే ఇద్దరిలో ఎవరో ఒకరు ఒప్పందం తప్పుతారు.

"షిఫ్టోళ్లు చేసిండ్రు," అన్నాను.

"ఏ షిఫ్టోళ్లు?"

అలా మొదలైంది. మొదట్లో ఏమీ లేదని చెప్పాను. నేల లేదు, నింగి లేదు, చిట్కుల్ లేదు. ఒక పెద్ద రియాక్టరు మాత్రం ఉంది. కొండలు, నీళ్లు, దోమలు, చింతపండు, దాని స్కూలు సంచీ అన్నీ అందులో కలిసిపోయి జావలా ఉన్నాయి.

"అవన్నీ అందుల ఎవలు పోసిండ్రు?"

"రికార్డు లేదు," అన్నాడు మా ఆయన తువ్వాలు కింద నుంచే.

మొదట వచ్చినవాడు పొద్దటాయన. పొద్దున షిఫ్టు దేవుడు. తల దువ్వుకుని, టైముకు వచ్చి, చీకట్లో ఏమీ కనబడక ముందు సూర్యుణ్ని చేశాడు. తర్వాత కొండలు చేశాడు, బర్రెలు చేశాడు, ఏనుగును మొదలుపెట్టాడు. మంచి పనిమంతుడే గానీ ఒక్క జబ్బుంది. బస్సులో కిటికీ సీటు కావాలి. ఏనుగుకు తోక పెట్టాడు, ఇంకో తోక కూడా చేసి బల్ల మీద పెట్టాడు. ఎందుకు చేశాడో చెప్పేలోపే సైరన్ మోగింది. తర్వాతి షిఫ్టుకు పని అప్పజెప్పకుండానే పరుగెత్తాడు.

రెండోవాడు మాపటాయన. మధ్యాహ్నం అన్నం తిని వచ్చాడు, కళ్లు మూతలు పడుతున్నాయి. బల్ల మీద మిగిలిన తోక చూశాడు. వెనక తోక ఉంది కదా, మరి ఇదెక్కడిది? అడుగుదామంటే పొద్దటాయన బస్సు వెళ్లిపోయింది. సరేనని ముందు భాగంలో అంటించాడు. అదే తొండం. వెంట్రుకల మూట ఉంటే మొత్తం ఎలుగుబంటి మీద కుమ్మరించాడు. ఆ తర్వాత ఎవరికీ సరిపోలేదు. అందుకే మీ నాన్నకు నెత్తి మీద పలచబడిందని చెప్పాను. తువ్వాలు కదిలింది.

మూడో ఆవిడ రాతిరమ్మ. దీపం వేస్తే చేసిన కోళ్లు లేచి అరుస్తాయని చీకట్లో చేత్తో తడుముకుంటూ పనిచేసింది. గబ్బిలం, పనసకాయ, మొసలి, కాకరకాయ, ఇవన్నీ ఆవిడ చేతి పనే. తన కోసం కాస్త నిద్ర చేసుకుని కొంగున కట్టుకుంది. ఆ ముడి ఊడి నిద్ర లోకమంతా ఒలికింది.

"మరి మనుషులను ఎవలు చేసిండ్రు?"

ఇక్కడ కాసేపు ఆలోచించాల్సి వచ్చింది. ఫ్యాక్టరీలో ఏదైనా బ్యాచ్ చెడిపోతే మూడు షిఫ్టుల వాళ్లూ ఏం చెబుతారో గుర్తొచ్చింది. "అదే తెల్వదు. ముగ్గుర్ని నిలబెట్టి అడిగితే ముగ్గురూ ‘మా షిఫ్టుల గాదు’ అన్నరు," అన్నాను.

మా ఆయన తువ్వాలు తీసి లేచి కూర్చుని నవ్వాడు. పిల్ల నవ్వలేదు. చాలా గంభీరంగా, "మరి మంచిగ చేసిండ్రా లేదా ఎట్ల తెలుస్తది?" అని అడిగింది. నా కూతురే.

దాని కోసం నాలుగో దేవత ఉందని చెప్పాను. పేరు శాంపిలమ్మ. కళ్లద్దాలు, తెల్లకోటు. ఎవరినీ నమ్మదు. లోకం మొత్తంలో నుంచి చిటికెడు తీసుకుపోయి పరీక్ష చేస్తోంది. ఇంకా రిపోర్టు ఇవ్వలేదు. అందుకే లోకానికి పచ్చ చీటీ లేదు, ఎర్ర చీటీ లేదు. అప్పటిదాకా పసుపు చీటీ మీదే నడుస్తోంది.

"నీ లెక్క ఉంటదా?"

"నాకన్న కోపం ఎక్కువ."

అమ్మ కళ్లజోడు సర్దుకుని, "ఇదేం కథనే? సృష్టి చేసినోణ్ని కూలోణ్ని చేసి పెట్టినవు," అంది. గుమ్మంలో నుంచి అత్తమ్మ, "అవును వదినె, దేవుళ్లకు డ్యూటీలేంది? నలుగురుండి ఒక్కలన్న కొబ్బరికాయ అడుగరా?" అంది. ఏడేళ్లలో వాళ్లిద్దరూ ఒక మాట మీదికి రావడం అదే మొదలు. నాకు భలే సంతోషం వేసింది. ఆ సంతోషం ఎక్కువ రోజులు నిలవలేదు.

పిల్లను ఆ దేవుళ్లు పట్టుకున్నారు. పెరుగు గిన్నె ఒలికితే "మా షిఫ్టుల గాదు" అనేది. మంచం మీద నీళ్లు పడితే అదే మాట. ఇంకొన్ని రోజులకు వాళ్ల నాన్న కూడా గ్యాస్ బుక్ చేయడం మర్చిపోయి నాతో అదే అన్నాడు. ఒళ్లు మండింది. అదైనా సరిపెట్టుకోవచ్చు. కానీ పిల్ల పూజ కూడా మొదలుపెట్టింది. దగ్గు మందు సీసా మీద ఉండే గీతల మూత ఒకటి సంపాదించి వంటింటి కిటికీలో పెట్టింది. కంచంలో ఏది పడినా మొదటి తునక ఆ మూతలో వేసి, "శాంపిలమ్మా, మంచిగ చూసి చెప్పు" అని దండం పెట్టేది. చీమలు వచ్చి తీసుకుపోయేవి. తునక కనబడకపోతే పాస్. అప్పుడు తినేది. ఈలోగా స్కూలు బస్సు వచ్చేసేది.

అత్తమ్మ కొన్నాళ్లు సణిగింది. ఆ తర్వాత ఆ మూతను రోజూ కడగడం మొదలుపెట్టింది. ఒక రోజు చూస్తే మూతకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి ఉంది. ఇదేంటి అత్తమ్మా అంటే, "పిల్ల గంత నిష్ఠతోని మొక్కుతాంది. ఉత్తగ పెడ్తె మంచిగనిపియ్యలే," అంది. ఆవిడ గూట్లో ఇంకొకరికి ఎప్పుడూ చోటు ఉంటుంది.

ఆ తర్వాతి రెండో శనివారం అమ్మ ఆ బొట్టు చూసింది. అప్పటిదాకా మా ఇంట్లో ఆమె నోట్లో పడేది ఒకే ఒక్కటి ఉండేది. పిల్ల తన బిస్కెట్టు సగం విరిచి అమ్మమ్మ నోట్లో పెట్టేది. దుకాణంలో కొన్నది, చిన్నపిల్ల చేతి నుంచి వచ్చింది, దానికి ఏ దేవుడి అడ్డూ లేదు. ఆ రోజు పిల్ల బిస్కెట్టు తునక మూతలో వేసి మిగతాది తెచ్చింది. అమ్మ మొహం పక్కకు తిప్పుకుంది.

"అమ్మా, అది దగ్గు మందు మూత," అన్నాను.

"నిన్నటిదాక మూతనే. బొట్టు పెట్టినంక మూత ఎట్లయితది?"

"ఆ దేవతను చేసింది నేనే గదనే. అసలు లేనే లేదు."

"లేదని నీకు తెలుసు, నాకు తెలుసు. దానికి తెలుసా?" అని పిల్లను చూపించింది. "అది నమ్మి పెట్టింది. నమ్మి పెట్టినంక ఉన్నట్టే."

అమ్మ వెళ్లిపోయాక మా ఆయన తేలిగ్గా, "నువ్వు పుట్టించిన దేవతనే గద, రద్దు చేసెయ్," అన్నాడు. సరే, పిల్లను పిలిచి శాంపిలమ్మకు వేరే లోకానికి ట్రాన్స్‌ఫర్ అయిందని చెప్పాను. అది కాసేపు ఆలోచించి, "మరి కొత్తామె ఎప్పుడొస్తది?" అంది. రాదు, పోస్టు తీసేశారన్నాను. "టెస్టు చెయ్యకుంట ఎట్ల ఇస్తరమ్మా? నువ్వే ఊకోవు గద," అంది. తల ప్రాణం తోకకొచ్చింది. పుట్టించడం ఒక్క మధ్యాహ్నం పని, తీసేయడం చేతకాలేదు.

అలా ఉండగా కొండాపూర్ నుంచి కబురు వచ్చింది. మామయ్య పాలివాళ్లలో, అంటే దాయాదుల్లో, ఒక పెద్దాయన పోయాడు. బతికినన్నాళ్లూ మా మామయ్యతో పొలం గట్టు కోసం తగాదా పడ్డ మనిషి. అయినా పాలివాడు పాలివాడే. మాకు మైల వచ్చింది. అత్తమ్మ ఊరికి వెళ్లి చూసొచ్చి, తలకు పోసుకుని, దేవుళ్ల గూటికి అడ్డంగా ఒక తెల్ల గుడ్డ కట్టేసింది. మైల తీరేదాకా దీపం లేదు, దండం లేదు. వాళ్ల ఇంటి పద్ధతిలో ఆ రోజుల్లో కూరలకు పోపు కూడా పెట్టరు. చుట్టుపక్కల ఎవరూ మా ఇంట్లో టీ కూడా తాగరు. ఎదురింటామె పలకరించడానికి వచ్చి గుమ్మం బయటే నిలబడి వెళ్లిపోయింది. ఇంత పకడ్బందీగా గూడు మూసిన అత్తమ్మకు కిటికీలో మూత సంగతి మాత్రం గుర్తు రాలేదు. పిల్ల మానలేదు.

ఆ రోజుల్లోనే రెండో శనివారం వచ్చింది. అమ్మ మామూలుగా రావడమే కాక, వియ్యపురాలిని పలకరించాలి కూడా. దారిలో కంది ఊరి దగ్గర లారీ అడ్డంగా ఆగిపోయి బస్సు చాలాసేపు కదలలేదట. అమ్మకు షుగరు ఉంది. తినే ముందు వేసుకోవాల్సిన మాత్ర బస్సులోనే వేసేసుకుంది, ఇదిగో వచ్చేశాం కదా అనుకుని. ఇంటికి చేరేసరికి మొహం వాడిపోయి ఉంది. సంచి దింపి, టిఫిన్ బాక్సు దివాన్ మీద పెట్టి మూత తెరిచింది. జొన్నరొట్టెలు, చిక్కుడుకాయ కూర. చేతులు కడుక్కోవడానికి పెరట్లో నల్లా దగ్గరికి వెళ్లింది.

తిరిగి వచ్చేసరికి పై రొట్టెకు ఒక మూల లేదు. పిల్ల వంటింట్లో నుంచి పరుగెత్తుకొచ్చి, మొహమంతా వెలిగిపోతుండగా, "అమ్మమ్మా, నీది గుడ శాంపిలమ్మకు ఇచ్చొచ్చిన. పాపం, నువ్వు ఇన్ని దినాల సంది టెస్టు చెయ్యని రొట్టె తింటున్నవు. ఇగ తిను!" అంది.

అమ్మ ఆ రొట్టె వైపు చూసింది. తను వండిన రొట్టె, తన బాక్సు, సంగారెడ్డి నుంచి ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నది. పిల్లను ఏమీ అనలేదు. దాని తల నిమిరి, బాక్సు మూత పెట్టేసింది.

"అమ్మా, ఆ ఒక్క రొట్టె పక్కన పెట్టి కిందివి తిను," అన్నాను.

"ఒద్దులే. ఆకలి లేదు."

ఆకలి లేని మనిషికి వేళ్లు వణకవు. నుదుటి మీద చెమట పట్టింది. మాత్ర వేసుకుని కడుపు ఖాళీగా ఉంటే షుగరు పడిపోతుందని నాకు తెలుసు. మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ ఆ మాత్రం తెలియకపోతే ఎలా? భయమేసింది. భయమేస్తే నాకు కోపం వస్తుంది. "మీ దేవుళ్లు, మీ పట్టింపులు, మధ్యల నన్ను సంపుతున్నరు!" అని అందరి మీదా అరిచి, చెప్పులేసుకుని బయల్దేరాను.

అత్తమ్మ గుమ్మంలో అడ్డం నిలబడింది. "ఏడికి?"

"దుకాణంల బ్రెడ్డు తెస్త."

"నా ఇంట్ల కూసున్న వియ్యపురాలికి దుకాణం బ్రెడ్డు తెచ్చి పెడ్తవా? నేనింక బతికే ఉన్న గద..." అని మాట మధ్యలో ఆగిపోయింది. గూటికి కట్టిన తెల్ల గుడ్డ వైపు చూసింది. మళ్లీ వంటింట్లో గిన్నె వైపు చూసింది. మళ్లీ గుడ్డ వైపు చూసింది.

"పెట్టలే," అంది మెల్లగా.

"ఏంది పెట్టలే?"

"దేవునికి. మైల గద బిడ్డా, పెడ్తనే లేను. గిన్నెల ఉన్నది ఎవ్వలకు పెట్టింది గాదు. పిల్ల గుడ ఇంక కంచం ముందట కూసోలే." అమ్మ దగ్గరికి వెళ్లి, దివాన్ పక్కన నేల మీద కూర్చుని, "వదినె, వట్టి అన్నమే. నా కొడుకు మీద ఒట్టు, వట్టి అన్నమే," అంది.

అమ్మ ఆవిడ మొహంలోకి చూసింది. "మైల ఇంట్ల వేరేటోళ్లు తినరంటరు గద వదినె?"

"తినరు. ఎవ్వలు తినరు."

"మాకు మైల లేదు," అంది అమ్మ.

మా ఇల్లు అందరికీ మూసుకుపోయిన ఆ కొద్ది రోజులే మా అమ్మ ఒక్కదానికి తెరుచుకుంటుందని ఇన్నేళ్లలో ఎవరికీ తట్టలేదు. ముందుగా తేరుకున్నది అత్తమ్మే. లేచి వంటింట్లోకి పరుగెత్తింది. వెనకే "అయ్యో!" అన్న కేక వినిపించింది. ఏమైందోనని వెళ్లాను. గరిట పట్టుకుని ఏడుపు మొహంతో నిలబడి ఉంది.

"పోపు లేదు బిడ్డా! ఇన్నేండ్లు ఎదురుచూసిన. ఆమె తినే దినం బగారన్నం చెయ్యాలె, కోడి కొయ్యాలె, గారెలు ఒండాలె అనుకున్న. ఇయ్యాల ఉత్త పప్పు, పచ్చిపులుసు. పచ్చిపులుసుల పోపు గుడ లేకపాయె. ఏం పెట్టాలె ఆమెకు?"

"ముందు ఏదో ఒకటి పెట్టు అత్తమ్మా, పడిపోయేటట్టున్నది," అన్నాను.

అన్నం, పప్పు, పచ్చిపులుసు వడ్డించి తెచ్చింది. కంచం చూస్తూనే పిల్ల మూత పట్టుకుని తయారైంది. ఆ తునక ఒక్కటి మూతలో పడిందా, ఏడేళ్ల తర్వాత తెరుచుకున్న తలుపు మళ్లీ మూసుకుంటుంది. మాన్పిస్తే పిల్ల వినదు, ట్రాన్స్‌ఫర్ చేసినా వినలేదు. ఆ మతానికి ఉన్న ఒకే ఒక్క గురువును నేను. నేనే ఏదో ఒకటి సెలవివ్వాలి.

"ఆగు! ఇయ్యాల శాంపిలమ్మకు వీక్లీ ఆఫ్," అన్నాను.

"ఆదివారం గాదు గద?"

"జనరల్ షిఫ్టోళ్లకే ఆదివారం. ఆమెకు మైల దినాలల్ల ఇస్తరు."

"మరి టెస్టు?"

"ఆమె ఆఫ్ ఉన్నప్పుడు అట్లనే తినొచ్చు. రూలు ఉన్నది."

అది వాళ్ల నాన్న వైపు తిరిగింది. ఆయన తల పెద్దగా ఊపి, "నాకు గుడ ఇయ్యాల ఆఫే," అన్నాడు. వాళ్ల నాన్న ఆఫ్ రోజున ఎంత హాయిగా పడుకుంటాడో పిల్లకు తెలుసు. "పాపం, పండుకోనీయి," అని మూతను బోర్లించి పెట్టింది.

అమ్మ కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంది. చేతులు వణుకుతున్నాయి కాబట్టి ప్రార్థన కాస్త తొందరగానే ముగిసింది. అత్తమ్మకు ఏం చేయాలో తోచక తనూ చేతులు జోడించబోయి, మైల గుర్తొచ్చి కొంగులో దాచుకుంది. అమ్మ పప్పు కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. రెండోది పెట్టుకుంది. మేమందరం నిలబడి ఆవిడ నమిలేది చూస్తున్నాం.

"ఉప్పు సరిపోయిందా వదినె?" అని అడిగింది అత్తమ్మ. ఏడేళ్లుగా ఆ ప్రశ్న ఆవిడ నోట్లోనే ఉండిపోయింది.

మా అమ్మ అబద్ధమాడదు. "జెర తక్కువైంది," అంది.

నేను తల పట్టుకున్నాను. అత్తమ్మ మాత్రం మొహం చేటంత చేసుకుని, "చూసినవా, నేను పొద్దుగాలనే అనుకున్న!" అంటూ ఉప్పు డబ్బా తెచ్చి పక్కన కూర్చుంది. అమ్మ మళ్లీ అన్నం పెట్టించుకుంది. వణుకు తగ్గింది. నాకు ఏడుపొచ్చి పెరట్లోకి వెళ్లి మొహం కడుక్కున్నాను.

మైల తీరింది. అత్తమ్మ ఇల్లంతా కడిగి, గూటికి కట్టిన గుడ్డ విప్పి, దీపం పెట్టింది. దేవుళ్లు మళ్లీ డ్యూటీ ఎక్కారు. దీపం చూస్తే నాకు గుబులు పుట్టింది. ఇక అమ్మ తినాలంటే కొండాపూర్‌లో ఇంకో పాలివాడు పోవాల్సిందేనా? ఆ మాట మా ఆయనతో అంటే, నవ్వాలో కోప్పడాలో తెలియక నా వైపు చూశాడు.

మళ్లీ రెండో శనివారం వచ్చింది. అమ్మ ఎప్పటిలాగే తన సంచితో వచ్చి దివాన్ మీద కూర్చుంది. ఇద్దరూ ఆ రోజు సంగతి ఎత్తలేదు. ఎండ గురించి, బస్సుల గురించి మాట్లాడుకున్నారు. మధ్యాహ్నం అమ్మ చేతులు కడుక్కోవడానికి లేవబోతూ ఆగింది. వంటింట్లో గిన్నె దించిన చప్పుడు. నేను లోపలే ఉన్నాను, చాటింపు కోసం ఎదురుచూస్తున్నాను.

అత్తమ్మ చాటింపు వేయలేదు. ఒక శుభ్రమైన కంచం తీసింది. గిన్నెలో నుంచి వేడి వేడి అన్నం దాంట్లో పెట్టింది, కూర పెట్టింది, పైన ఇంకో కంచం మూత పెట్టి పక్కకు జరిపింది. దేవుడి కంటే ముందు గరిట పెడితే ఎంగిలి. ఆ ఇంటికి కోడలిగా వచ్చిన నాటి నుంచి ఆవిడ ఒక్క రోజు కూడా తప్పని పద్ధతి అది. పిల్లకు జ్వరం వచ్చిన రోజు కూడా జావను ముందు గూట్లో చూపించి కానీ ఇవ్వలేదు.

"అత్తమ్మా, ఇంక దేవునికి పెట్టలే," అన్నాను గుసగుసగా.

"తెలుసు," అంది.

కొంగు సర్దుకుని గూటి వైపు తిరిగింది. చేతులు జోడించింది. ఇంట్లో వాళ్లతో మాట్లాడినట్టే మామూలు గొంతుతో, "స్వామీ, నువ్వు జెర ఆగు. ఆమెకు షుగరున్నది," అంది.

మాది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో అమ్మ తన బాక్సు మూత తెరవకుండానే సంచిలో పెట్టేసి, చేతులు కడుక్కోవడానికి లేచింది.